నలభై ఒకటో నంబరు

జాబ్రియాలో మా ల్యాబుకు కిటికీల్లేవు.
ఇరవై రెండు డిగ్రీల చల్లదనం, మసక వెలుతురు,
గోడ మీద నోటీసు: పరీక్ష జరిగేటప్పుడు మాట్లాడరాదు.
అరబ్బీలో, ఇంగ్లీషులో, హిందీలో ఉంది.
తెలుగులో లేదు.

కువైట్ ఎండ పనివాళ్ల రక్తనాళాలను ఏం చేస్తుందో
తేల్చాలని డాక్టర్ బదరియా పట్టుదల.
పట్టీ కట్టడం, ప్రోబు కదలకుండా పట్టుకోవడం
నా వంతు.

నలభై ఒకటో నంబరు వచ్చి పడుకున్నాడు.
పేర్లు రాసుకోం.
జేబు మీద కంపెనీ కుట్టించిన అక్షరాల్లో ఓబులేసు అని ఉంటే
చూడనట్టు చూశాను.
అరచేతుల నిండా కడ్డీలు కట్టే తీగ గీసిన గీతలు.
రాత్రి నుంచి ఏమీ తినలేదు, టీ కూడా తాగలేదు. అది నియమం.

మోచేతికి పైన, చర్మం కింద,
ధమని తెర మీద నల్లటి కాలువలా కనబడింది.
మూడు పాయింట్ తొమ్మిది రెండు మిల్లీమీటర్లు.
ముంజేతికి పట్టీ బిగించి గడియారం నొక్కాను.
ఐదు నిమిషాలు.

చేతికి రక్తం ఆగిపోతుంది.
వదలగానే కొండవాన పడ్డ వంకలా దూకి వస్తుంది.
నాళం లోపల ఒక్క కణం మందాన ఒక పొర,
ఆ ఒరిపిడి దానికి తెలుస్తుంది.
బయటి కండరానికి కబురు పెడుతుంది, సడలమని.
కబురంటే ఒక వాయువు. క్షణాలే బతుకుతుంది.
తోసేది గుండే, కాదనను.
దారి ఇచ్చేది ఈ పొర.

వెనక గదిలో, ఉప్పునీటి గాజుగొట్టంలో,
ఎలుక ధమని ఉంగరాన్ని వేలాడదీస్తాం.
ఒకసారి పట్టకారు జారి లోపలి పొర గీసుకుపోయింది.
సడలించే మందే వేశాను. ఉంగరం ఇంకా బిగిసింది.
ఇందులో బతుక్కి నీతి ఏదో ఉందని అనుకునేదాన్ని.
ఇప్పుడు పట్టకారు చూసి పట్టుకుంటున్నాను, అంతే.

"రెండున్నర" అన్నాను నాలో నేను.
లెక్క తెలుగులో పెడతానని నాకే తెలీదు.

అతని తల ఇటు తిరిగింది.
"పాసవుతానా అక్కా?"
నోటీసు వైపు వేలు చూపించాలి. చూపించలేదు.
"ఇందులో పాసు, ఫెయిలు లేవు."
"మెడికల్లో అన్‌ఫిట్ కొట్టి రెండుతూర్లు తిప్పి పంపినారు.
లేకుంటే ఇంతమంది ఎందుకు చూస్తాండారు?"
"ఎండ కోసం. ఎండని చూస్తున్నాం."
"ఎండని సూడాలంటే మా సైటుకు రాండి.
పన్నెండుకు కడ్డీ పట్టుకుంటే గ్లౌజు కాలిన వాసనొస్తాది."
నవ్వాను. ప్రోబు కదిలింది, సర్దుకున్నాను.
"యాడక్కా మీది?"
"పుల్లంపేట."
"మాది సుండుపల్లె" అన్నాడు,
పక్క వీధి చెప్పినట్టు.

ఐదు. పట్టీ వదిలాను.
"చీమలు పాకతాండాయి" అన్నాడు వేళ్లు చూసుకుంటూ.
నేను తెర చూస్తున్నాను.
గోడలు రెండూ జరిగాయి, ఇంకా జరిగాయి,
నాలుగు పాయింట్ రెండు ఏడు.
ఎనిమిది పాయింట్ తొమ్మిది శాతం.
అతనికి ముందు నలభై మందిలో ఒక్కరూ ఆరు దాటలేదు.

ఫారం చివరి గడి: మాట్లాడారా?
అవును.
ఎవరు మొదలుపెట్టారు?
టెక్నీషియన్ అని రాశాను.

డాక్టర్ బదరియా ఎర్ర గీత కొట్టేసింది.
సరైన పనే. నేనైనా కొట్టేస్తాను.
మాట గుండె వేగం పెంచుతుంది, నవ్వు చెయ్యి కదిలిస్తుంది,
ఒక్క మనిషి, ఒక్క పొద్దు, ఏ రుజువూ కాదు.
నేనేమీ అనడం లేదు.

వచ్చే గురువారం మళ్లీ పిలిపించాం.
ఈసారి పెదాలు కదపకుండా ఇంగ్లీషులో లెక్కపెట్టాను.
అతను పైకప్పు చూస్తూ పడుకున్నాడు, బుద్ధిగా.
నాలుగు పాయింట్ ఆరు శాతం.
గ్రాఫులో అతని చుక్క మిగతా చుక్కల నడుమ
ఎక్కడుండాలో అక్కడే ఉంది.

నోటీసులో తెలుగు కూడా చేర్చమని చెప్పాలి.
రెండు నెలలైంది.
ఇంకా చెప్పలేదు.